మంత్రసాని చెయ్యి, బాలింత పాదం: గోదావరి సీమ ప్రసూతి పరిచర్య చరిత్రలో స్పర్శ – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

గర్భిణికి, ప్రసవవేదన పడే స్త్రీకి, బాలింతకు పాదమర్దనం ద్వారా ఉపశమనం కలిగించే రిఫ్లెక్సాలజీ ఇటీవలి కాలంలో తెలుగు నగరాల్లోనూ వినిపిస్తున్న పేరు. ఇది మన పూర్వుల విద్యేనని చెప్పేవారు కొందరు, పాశ్చాత్యుల నుంచి వచ్చిన వింత అని తోసిపుచ్చేవారు మరికొందరు. ఈ రెండు వాదాలూ చరిత్రను సరిగా చూడలేదన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. కోరుకొండ పరిసరాలు, రాజమహేంద్రవరం కేంద్రంగా గోదావరి సీమలో మంత్రసాని పరిచర్య ఎలా సాగింది, మిషను ఆసుపత్రులు, సంస్కరణ పత్రికలు, ప్రభుత్వ పథకాలు దాన్ని ఎలా మార్చాయి, ఆ మార్పులో నిలిచినదేమిటి, జారిపోయినదేమిటి అన్న ప్రశ్నలను భాషా సాక్ష్యం, శాస్త్రగ్రంథాలు, సాహిత్యం, వైద్య చరిత్ర ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ముఖ్యపదాలు: మంత్రసాని, పురుడు, బాలింత, అభ్యంగం, మర్మస్థానాలు, రిఫ్లెక్సాలజీ, మిషను వైద్యం, గోదావరి సీమ.

1. ఉపోద్ఘాతం

రాజమహేంద్రవరం నుంచి గోకవరం మీదుగా రంపచోడవరం మన్యానికి పోయే దారిలో కోరుకొండ ఉంది. కొండమీద లక్ష్మీనరసింహస్వామి ఆలయం, 14వ శతాబ్దిలో ముమ్మడి నాయకుని ఏలుబడి ఈ ఊరికి చరిత్రలో స్థానం కల్పించాయి. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కాలువలు డెల్టాను మాగాణిగా మార్చినా కోరుకొండ ప్రాంతం ప్రధానంగా మెట్టగానే నిలిచింది. ఒకవైపు ఆసుపత్రులున్న పట్టణం, మరొకవైపు మన్యం, నడుమ మెట్ట పల్లెలు. ప్రసూతి చరిత్రను చదవడానికి ఇలాంటి సరిహద్దు ప్రాంతం అనువైనది. పట్టణంలో వచ్చిన మార్పు ఇటువంటి పల్లెలకు చేరడానికి పట్టిన కాలంలోనే పాత పరిచర్య, కొత్త వైద్యం పక్కపక్కన నిలిచాయి.

రాజుల చరిత్రకు శాసనాలున్నాయి. పురుడు పోసిన చేతులకు శాసనాలు లేవు. మంత్రసానులు తమ విద్యను గ్రంథస్థం చేయలేదు. వారిని గురించి రాసినవారిలో ఎక్కువమంది వారిని తప్పుపట్టడానికే కలం పట్టారు. కాబట్టి ఈ చరిత్రకు ఆధారాలను నిఘంటువుల్లో, సామెతల్లో, స్త్రీల పాటల్లో, వైద్య సంహితల్లో, పత్రికల్లో వెదుక్కోవలసి ఉంటుంది.

2. భాషలో నిలిచిన పరిచర్య

ప్రసవానికి తెలుగులో ఉన్న మాటలు గమనింపదగినవి. ‘పురుడు పోయు’ అన్న పదబంధంలో క్రియ ‘పోయు’. ‘నీళ్ళాడు’ అన్న మాటకు స్నానం చేయడమనే అర్థంతో పాటు ప్రసవించడమనే అర్థమూ ఉంది. శిశువుకు స్నానం చేయించడం ‘లాల పోయడం’. ఈ మాటలన్నిటిలోనూ నీరు, నూనె, చెయ్యి కలిసి కనిపిస్తాయి. తెలుగు సమాజం ప్రసవాన్ని ఒక్క క్షణంలో ముగిసే శారీరక ఘటనగా చూడలేదు, స్నానం, మర్దనం, పథ్యం కలిసిన కొన్ని వారాల పరిచర్యగా చూసిందని వీటి వల్ల తెలుస్తుంది. చూలాలు, బాలింత అని స్త్రీకి దశను బట్టి పేరు మారడం కూడా ఈ దృష్టికి అనుగుణమైనదే.

‘మంత్రసాని’ అన్న పదంలోని ‘సాని’, ‘దొరసాని’ వంటి మాటల్లో ఉన్న గౌరవార్థకమే. అయితే సామెతల్లో ఆమె స్థితి వేరు. మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాల్సిందే అన్న సామెత ఆమె పనిలోని మైలను గుర్తుచేస్తుంది. మంత్రసాని ముందు మర్మం దాచరాదన్న భావంతో వ్యాప్తిలో ఉన్న సామెత ఆమెపై కుటుంబం ఉంచిన నమ్మకాన్ని చెబుతుంది. మైల, నమ్మకం రెండూ ఒకే మనిషి పట్ల ఉండడం ఈ చరిత్రలోని మూల వైరుధ్యం. పెద్దతరం స్త్రీలు ‘నీకు బొడ్డుకోసి పేరుపెట్టిన దాన్ని’ అని చనువుతో కూడిన అధికారాన్ని ప్రకటించుకోవడం కూడా ఈ వృత్తి నుంచే వచ్చింది. బిడ్డను ఈ లోకంలో మొదట తాకిన చెయ్యి తనదన్నదే ఆ అధికారానికి ఆధారం.

3. సంహితల్లో, సాహిత్యంలో స్పర్శ

చరకసంహిత శారీరస్థానంలోని 8వ అధ్యాయం సూతికాగారం నిర్మాణం నుంచి బిడ్డ పోషణ వరకు వివరిస్తుంది. ప్రసవవేళ దగ్గర ఉండవలసిన స్త్రీలు అనేకసార్లు ప్రసవించినవారై, స్నేహభావం, ఓర్పు, నేర్పు కలిగి, గర్భిణికి ప్రీతిపాత్రులై ఉండాలని అక్కడ చెప్పబడింది. గోరువెచ్చని నూనెతో నడుము, పక్కలు, వీపు, తొడలను మెల్లగా కిందికి మర్దించాలన్న సూచన ఉంది. నొప్పి రానిదే ముక్కవద్దని గర్భిణికి నచ్చజెప్పాలని కూడా ఉంది. గర్భిణి చేత రోకలి పట్టించి ధాన్యం దంపించాలన్న ఒక అభిప్రాయాన్ని ప్రస్తావించి, ఆ సమయంలో కఠిన శ్రమ తగదని ఆత్రేయుడు ఖండించడం ఈ అధ్యాయంలోని విశేషం. ప్రసవవేళ శరీరాన్ని ఎంతవరకు కదిలించాలి, ఎక్కడ ఆగాలి అన్న చర్చ ఆనాడే ఉండేదనడానికి ఇది సాక్ష్యం.

సుశ్రుతసంహిత శారీరస్థానంలోని 10వ అధ్యాయం గోళ్ళు కత్తిరించుకున్న, వయసు మీరిన, ప్రసవ విషయంలో నేర్పరులైన నలుగురు స్త్రీలు దగ్గర ఉండాలని చెబుతుంది. ప్రసవానంతరం బాలింతకు బలాతైలంతో అభ్యంగం విధిస్తుంది. వాగ్భటుని అష్టాంగహృదయం నిత్యాభ్యంగాన్ని చెబుతూ తల, చెవులు, పాదాలకు విశేషంగా చేయమంటుంది.

ఇక్కడ ఒక విషయాన్ని వేరుచేసి చూడాలి. సుశ్రుతుడు శరీరంలో 107 మర్మాలను లెక్కించాడు. పాదంలో క్షిప్రం, తలహృదయం, కూర్చం, కూర్చశిరం, చీలమండ వద్ద గుల్ఫం ఉన్నాయన్నాడు. రిఫ్లెక్సాలజీకి భారతీయ మూలాలను చూపేవారు తరచుగా ఈ పట్టికనే ఉదాహరిస్తారు. అయితే సుశ్రుతుని దృష్టి శస్త్రవైద్యుని దృష్టి. మర్మాలు దెబ్బ తగిలితే ప్రాణానికో అవయవానికో హాని కలిగే చోట్లు. శస్త్రం వాడేవాడు వాటిని తప్పించాలన్నదే అక్కడి తాత్పర్యం. పాదంలోని ఒక బిందువు గర్భాశయానికో, మూత్రపిండానికో ప్రతినిధి అన్న భావన ఆ అధ్యాయంలో లేదు. పాదాభ్యంగం ఉంది, మర్మజ్ఞానం ఉంది. ఆ రెండింటినీ కలిపి పాదంలో సర్వాంగాల పటాన్ని చూడడం తరువాతి కాలపు వ్యాఖ్యానం.

తెలుగు సాహిత్యంలో శిశుపరిచర్యకు అపురూపమైన సాక్ష్యం పాల్కురికి సోమనాథుని బసవపురాణంలోని బెజ్జమహాదేవి కథ. శివునికి తల్లి లేదని జాలిపడి, తానే తల్లియై ఆయనను పసిబిడ్డగా సాకిన భక్తురాలి కథ ఇది. నూనె రాయడం, స్నానం చేయించడం, కాటుక దిద్దడం, పాలు పట్టడం వంటి తల్లి పనులన్నీ అందులో భక్తిరూపం పొందాయి. 13వ శతాబ్ది కవి దైవారాధనను చెప్పడానికి ఇంటింటా జరిగే లాలనే తీసుకున్నాడంటే, ఆ పరిచర్య విలువ శ్రోతలకు వేరే చెప్పనక్కర లేనిదన్నమాట.

స్త్రీల పాటలు పురిటింటికి మరింత దగ్గరగా ఉంటాయి. కౌసల్య వేవిళ్ళు, శ్రీరామ జననం వంటి పాటలను వెల్చేరు నారాయణరావు 1991లో వెలువడిన తన వ్యాసంలో విశ్లేషించారు. సంస్కృత రామాయణంలో యజ్ఞఫలంగా జరిగిన జననం, ఈ పాటల్లో నొప్పులు పడే స్త్రీ శరీరం నుంచి జరుగుతుంది. పైనుంచి వేలాడే తాళ్ళు పట్టుకుని నిలిచిన గర్భిణి, ఆమెకు ఊతమిచ్చే పెద్దముత్తైదువులు, మంత్రసాని ఇక్కడ పాత్రలు. రాజమహేంద్రవరం ప్రాంతానికి చెందిన నేదునూరి గంగాధరం వంటి సంకలనకర్తలు జానపద గేయాలను సేకరించి ‘మిన్నేరు’ వంటి సంపుటాలుగా అచ్చువేయడం వల్ల గోదావరి సీమ స్త్రీల నోటి సాహిత్యం పరిశోధకులకు దక్కింది.

4. పురిటింటి చేతులు

గోదావరి సీమ పల్లెల్లో పుట్టింటి పురుడు ఆచారం. తొలి కాన్పుకు ఆడపిల్లను పుట్టింటికి తీసుకురావడం, ఆమెకు పరిచయమున్న స్త్రీల మధ్య ప్రసవం జరగడం దీని ఫలితం. మంత్రసాని ఎక్కువగా సేవావృత్తుల కులాలకు చెందిన స్త్రీ. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా వెలువరించిన దక్షిణ భారత కులాల గ్రంథం మంగలి స్త్రీలు మంత్రసానులుగా పనిచేయడాన్ని నమోదు చేసింది. కొన్ని ఊళ్ళలో చాకలి, మాల, మాదిగ స్త్రీలూ ఈ పని చేసేవారు. ధాన్యం, చీర, రవికగుడ్డ, నూనె వంటివే ప్రతిఫలం. మాయను పాతిపెట్టడం, మైలగుడ్డలు ఉతకడం ఆమె పనిలో భాగాలే. అగ్రవర్ణాల ఇళ్ళలో మామూలు రోజున గడప దాటి రానివ్వని స్త్రీని కాన్పునాడు ఇంటి లోపలి గదికి పిలవవలసి రావడం కులవ్యవస్థలోని వైచిత్రి.

ఆమె చేతిపని మూడు దశల్లో సాగేది. గర్భం నెలలు నిండుతున్నకొద్దీ కడుపు తడిమి బిడ్డ నిలిచిన తీరు చూడడం మొదటిది. నొప్పుల సమయంలో ఆముదమో, నువ్వుల నూనెో గోరువెచ్చగా చేసి నడుము, తొడలు, పిక్కలు, అరికాళ్ళు రుద్దడం రెండవది. ప్రసవానంతరం బాలింతకు నూనె అంటి, కాగిన నీళ్ళు ధారగా పోసి, నడికట్టు బిగించి, సాంబ్రాణి పొగ వేయడం, బిడ్డకు లాల పోయడం మూడవది. లాల పోసే స్త్రీ పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, తన కాళ్ళనే తొట్టిగా చేసుకుని బిడ్డను పడుకోబెట్టుకుంటుంది. నూనె రాసి, సెనగపిండితో నలుగు పెట్టి, కాళ్ళు చేతులు సాగదీసి నీళ్ళు పోస్తుంది. బాలింతకు కాయం ముద్ద, వెల్లుల్లి, పాత బియ్యపు అన్నం పథ్యం.

ఈ పరిచర్యలో పాదమర్దనం ప్రత్యేక విద్యగా లేదు. అది సర్వాంగ మర్దనంలో భాగం. దాని ప్రయోజనాన్ని కూడా ‘ఒళ్ళు తేలికపడుతుంది’, ‘నిద్ర పడుతుంది’, ‘నొప్పి ఓర్చుకోగలుగుతుంది’ అన్న మాటల్లోనే చెప్పుకున్నారు తప్ప, ఫలానా బిందువు నొక్కితే ఫలానా అవయవం స్పందిస్తుందని కాదు. ‘కాళ్ళకు నీరు దిగడం’ గర్భిణి విషయంలో పెద్దలు గమనించే గుర్తు. అయితే ఆ వాపు మామూలు భారం వల్ల వచ్చినదా, రక్తపోటు పెరిగి తల్లికి గుర్రపువాతం వంటి మూర్ఛలు తెచ్చే వ్యాధికి సూచనా అన్నది చేతి స్పర్శతో తేలే విషయం కాదు.

పరిచర్యకు రెండో ముఖం ఇక్కడ చెప్పక తప్పదు. బొడ్డు కోయడానికి కొడవలి, వెదురుబద్ద, బ్లేడు వంటివి శుద్ధి చేయకుండా వాడడం, కోసిన చోట బూడిదో పేడో అద్దడం దేశంలోని అనేక ప్రాంతాల మాదిరిగానే ఇక్కడి పల్లెల్లోనూ పసికందులకు ధనుర్వాతం తెచ్చింది. బిడ్డ అడ్డం తిరిగినప్పుడు, మాయ పడనప్పుడు చెయ్యి లోపల పెట్టి లాగడం సూతికాజ్వరానికి, రక్తస్రావానికి దారితీసింది. గాలి వెలుతురు లేని గది, బాలింతకు నీళ్ళు తాగనివ్వకపోవడం కుటుంబాలు పాటించిన ఆచారాలు. వీటి తప్పును మంత్రసాని ఒక్కదాని మీదే మోపడం సరికాదు.

5. మిషను ఆసుపత్రి, సంస్కరణ పత్రిక

మద్రాసు రాష్ట్రంలో పాశ్చాత్య ప్రసూతి వైద్యం తొందరగానే మొదలైంది. మద్రాసులో ప్రసూతి ఆసుపత్రి 1844లో వెలిసింది. 1875లో మద్రాసు వైద్య కళాశాల స్త్రీలకు ప్రవేశం కల్పించింది. 1885లో డఫరిన్ నిధి, 1903లో మంత్రసానుల శిక్షణ కోసం విక్టోరియా స్మారక నిధి ఏర్పడ్డాయి. అయినా తెలుగు జిల్లాల స్త్రీలకు వైద్యం అందించడంలో ముందు నిలిచినవి మిషను ఆసుపత్రులే. 1883లో గుంటూరు చేరిన అమెరికన్ లూథరన్ వైద్యురాలు అన్నా కుగ్లర్ 1898లో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి ప్రారంభించారు. రాజమహేంద్రవరంలో లూథరన్ మిషనుకే చెందిన లిడియా వోర్నర్ కృషితో 20వ శతాబ్ది తొలి దశకాల్లో స్త్రీల ఆసుపత్రి రూపుదిద్దుకుంది. పిఠాపురంలో కెనడియన్ బాప్టిస్టుల ఆసుపత్రి వెలిసింది. పురుష వైద్యుని ముందుకు రాని స్త్రీలకు స్త్రీ వైద్యురాలు దొరకడమే ఈ సంస్థలు తెచ్చిన పెద్ద మార్పు.

అదే కాలంలో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం స్త్రీల కోసం 1883లో ‘సతీహితబోధిని’ పత్రికను స్థాపించారు. దేహారోగ్యం గురించి స్త్రీలకు అర్థమయ్యే తెలుగులో రాసి, శరీరాన్ని గురించి తెలుసుకోవడం స్త్రీవిద్యలో భాగమని ఆయన నిలబెట్టారు. 1902లో ఏలూరులో ‘హిందూసుందరి’, ఆ తరువాత కాకినాడ నుంచి ‘సావిత్రి’, ‘అనసూయ’ వంటి పత్రికలు వెలువడి, గోదావరి సీమలో చదువుకున్న స్త్రీల వేదికలయ్యాయి. 1928లో డాక్టర్ కె. ఎన్. కేసరి మద్రాసు నుంచి ‘గృహలక్ష్మి’ ప్రారంభించారు. ఆయన కేసరి కుటీరం స్త్రీల కోసం తయారు చేసిన ‘లోధ్ర’ తెలుగు ఇళ్ళలో ప్రసిద్ధి పొందింది. పశ్చిమగోదావరికి చెందిన ఆచంట లక్ష్మీపతి అల్లోపతి చదివి ఆయుర్వేదాన్ని ఆశ్రయించిన వైద్యుడు. ఆయన రచనలు, ఉపన్యాసాలు పాత ఆరోగ్య నియమాలకు కొత్త వివరణ ఇచ్చాయి.

ఈ సాహిత్యం స్త్రీకి తన శరీరాన్ని గురించిన జ్ఞానాన్ని ఇచ్చింది. శుభ్రతను, గాలి వెలుతురును పురిటింటిలోకి తెచ్చింది. అదే సమయంలో చదువుకున్న మధ్యతరగతి గృహిణికి, చదువురాని మంత్రసానికి నడుమ గోడ కట్టింది. సంస్కరణ దృష్టిలో మంత్రసాని అజ్ఞానానికి మారుపేరుగా మారింది. ఆమె చేసే పనుల్లో బొడ్డు కోయడం ప్రమాదకరం, నడుము రుద్దడం నిరపాయం. ఈ విభజన చేయవలసిన చోట అంతా కలిపి మౌఢ్యమనే పేరు పడింది. 1926లో వచ్చిన మద్రాసు నర్సులు, మిడ్‌వైఫ్‌ల చట్టం శిక్షణ పొందినవారికి నమోదు కల్పించింది. వృత్తికి చట్టబద్ధత వచ్చిన ఆ సందర్భమే వంశపారంపర్యంగా ఈ పని చేసిన స్త్రీలను పట్టిక వెలుపల నిలిపింది.

భిన్నమైన మార్గం చూపినవారూ ఉన్నారు. కొమర్రాజు లక్ష్మణరావు కుమార్తె డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ బెజవాడలో వైద్యం చేస్తూ, ‘ప్రసూతి–శిశుపోషణ’ అనే గ్రంథం రాశారు. మహిళా ఉద్యమంలో పనిచేసే సాధారణ స్త్రీలకు ప్రసూతి వైద్యంలో ప్రాథమిక శిక్షణ ఇచ్చారు. జ్ఞానాన్ని ఆసుపత్రి గోడల్లో ఉంచకుండా పల్లె స్త్రీ చేతికి అందించాలన్నది ఆమె పద్ధతి.

6. ఇంటి నుంచి ఆసుపత్రికి

1946లో భోర్ కమిటీ నివేదిక శిక్షిత సిబ్బంది చాలినంత వచ్చే వరకు మంత్రసానులకు శిక్షణ ఇచ్చి వినియోగించుకోవాలని భావించింది. స్వాతంత్ర్యానంతర ప్రణాళికల్లో దాయి శిక్షణ కొనసాగింది. 1958లో కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల ప్రారంభమవడం గోదావరి జిల్లాలకు వైద్యులను అందించింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, ఏ.ఎన్.ఎం.లు పల్లెలకు చేరారు. 1992–93 నాటి తొలి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఆసుపత్రి ప్రసవాలు సుమారు మూడింట ఒక వంతు మాత్రమే. 2005లో జననీ సురక్ష యోజన, ఆశా కార్యకర్తలు, 108 వాహనాలు ఒకేసారి రావడంతో మార్పు వేగం పుంజుకుంది. 2019–21 నాటి ఐదవ సర్వే ప్రకారం రాష్ట్రంలో ఆసుపత్రి ప్రసవాలు 96.5 శాతం.

ఫలితం స్వల్పమైనది కాదు. 2018–20 నమూనా నమోదు గణాంకాల్లో లక్ష సజీవ జననాలకు మాతృమరణాలు ఆంధ్రప్రదేశ్‌లో 45, దేశంలో 97. తల్లులకు, శిశువులకు వచ్చే ధనుర్వాతాన్ని నిర్మూలించిన తొలి రాష్ట్రంగా ఆంధ్రప్రదేశ్ 2003లో ధ్రువీకరణ పొందింది. దేశం మొత్తం ఆ స్థితికి 2015లో చేరింది. పాత పురిటింటిని తలచుకుని నిట్టూర్చేవారు ఈ అంకెలను మరవరాదు.

అదే ఐదవ సర్వేలో మరొక అంకె ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రసవాల్లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం శస్త్రచికిత్స ద్వారా జరిగాయి. దీనికి కారణాలు అనేకం. ఆసుపత్రుల ఆర్థిక ప్రయోజనం, ముహూర్తం కోసం కుటుంబాల పట్టుదల, నొప్పుల భయం వాటిలో ఉన్నాయి. చివరి కారణం ఈ వ్యాసానికి సంబంధించినది. తల్లిని, అమ్మమ్మను, అక్కను తలుపు బయట నిలిపి, అపరిచితుల మధ్య బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టిన స్త్రీకి నొప్పిని ఓర్చుకునే ఊతం దొరకదు. తాళ్ళు పట్టుకుని నిలిచిన కౌసల్యకు ఉన్న ఊతం అది. ప్రసూతి గదిలోకి తోడుగా ఒకరిని అనుమతించాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో నిర్ణయించడం, తెలంగాణలో 2017లో నర్సులకు మిడ్‌వైఫరీ ప్రత్యేక శిక్షణ మొదలవడం ఈ లోటును గుర్తించిన ప్రయత్నాలు.

7. రిఫ్లెక్సాలజీ: పుట్టుక, ప్రమాణం

ఈ ఖాళీలోకే రిఫ్లెక్సాలజీ ప్రవేశించింది. దాని చరిత్ర ఒక శతాబ్దికి కాస్త మించినదే. అమెరికాకు చెందిన చెవి, ముక్కు, గొంతు వైద్యుడు విలియం ఫిట్జ్‌జెరాల్డ్ శరీరాన్ని నిలువునా పది మండలాలుగా విభజించి, ఒక మండలంలో చేతులనో పాదాలనో నొక్కితే అదే మండలంలోని నొప్పి తగ్గుతుందని ప్రతిపాదించాడు. ఎడ్విన్ బోవర్స్‌తో కలిసి 1917లో ‘జోన్ థెరపీ’ గ్రంథం ప్రచురించాడు. ప్రసవవేదనకు ఈ పద్ధతిని వాడడం ఆ గ్రంథంలోనే ఉంది. యూనిస్ ఇంగ్‌హమ్ అనే మహిళ ఆ మండలాలను పాదం మీద సూక్ష్మమైన పటంగా మార్చి 1938లో తన పుస్తకాన్ని వెలువరించింది. నేడు వాడే పాదపటాలకు మూలం ఇదే.

తెలుగు నేలకు ఇలాంటి విదేశీ పద్ధతులను ఆదరించే సంప్రదాయం ముందే ఉంది. జర్మను ప్రకృతివైద్యుడు లూయీ కూనే గ్రంథాన్ని ద్రోణంరాజు వేంకటాచలపతి శర్మ 1894లోనే తెలుగు చేశారు. భారతదేశంలో ప్రకృతివైద్య ఉద్యమం ఆ అనువాదంతోనే మొదలైందని చెబుతారు. తొట్టిస్నానాలు, ఉపవాసం, మర్దనం ఆ దారిలో తెలుగు ఇళ్ళకు చేరాయి. రిఫ్లెక్సాలజీని తెలుగు పాఠకుడు సులభంగా స్వీకరించడానికి ఈ నేపథ్యం తోడ్పడింది.

ప్రమాణం విషయానికి వస్తే, పాదంలోని బిందువులకు అంతరావయవాలతో నిర్దిష్ట సంబంధం ఉందని శరీరశాస్త్రం నిరూపించలేదు. ప్రసవవేదనకు మర్దనం, రిఫ్లెక్సాలజీ మొదలైన హస్తపద్ధతులపై కాక్రేన్ సంస్థ 2018లో నవీకరించిన సమీక్ష, మర్దనం, వెచ్చని కాపడం నొప్పిని తగ్గించే అవకాశం ఉందని, అయితే సాక్ష్యాల నాణ్యత తక్కువని తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 ప్రసవ సంరక్షణ మార్గదర్శకాలు, కోరుకున్న స్త్రీకి మర్దనం, కాపడం ఇవ్వవచ్చని చెప్పాయి. ఆమె ఎంచుకున్న తోడు ఆమె పక్కన ఉండాలని సిఫారసు చేశాయి. నిరంతర తోడుపై కాక్రేన్ సంస్థ 2017 సమీక్ష 15,000కు పైగా స్త్రీలు పాల్గొన్న 26 ప్రయోగాలను పరిశీలించి, తోడు ఉన్నవారిలో సహజ ప్రసవాలు పెరిగాయని, నొప్పుల కాలం తగ్గిందని చూపింది. అంటే బిందుపటం కంటే మనిషి తోడుకే బలమైన సాక్ష్యం ఉంది.

హద్దులు కూడా ఉన్నాయి. గర్భిణికి కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం ఎక్కువ. ఒకే కాలు వాచి, నొప్పి పుట్టి, ఎర్రబారితే మర్దించరాదు, వెంటనే వైద్యునికి చూపాలి. ముఖం, చేతులు ఉబ్బి, తలనొప్పి, చూపు మసకబారడం కలిస్తే ముందు రక్తపోటు కొలవాలి. బిడ్డ అడ్డం తిరగడం, రక్తస్రావం, మాయ నిలిచిపోవడం ఏ మర్దనకూ లొంగేవి కావు.

8. సామ్యం, భేదం

మంత్రసాని పరిచర్యకు, రిఫ్లెక్సాలజీకి సామ్యం చెయ్యి. ఒక మనిషి మరొక మనిషి పాదాన్ని ఒడిలోకి తీసుకుని కొంతసేపు తీరికగా కూర్చోవడం రెండింటిలోనూ ఉంది. భేదాలు మూడు. మొదటిది జ్ఞానరూపం. మంత్రసానిది అనుభవంతో వచ్చిన విద్య, రిఫ్లెక్సాలజీది పటం చూసి నేర్చే విద్య. రెండవది సంబంధం. మంత్రసాని ఆ ఇంట్లో రెండు తరాలకు బొడ్డు కోసిన మనిషి, నేటి చికిత్సకురాలు గంటల లెక్కన వచ్చే నిపుణురాలు. మూడవది విలువ. సేవాకులపు స్త్రీ చేసినప్పుడు అదే పాదమర్దనం మైలపనిగా, ధాన్యపు కుంచంతో తీరే ఋణంగా ఉండేది. తెల్లని దుస్తుల్లో, పాశ్చాత్య నామంతో తిరిగి వచ్చినప్పుడు దానికి గౌరవమూ, ధరా వచ్చాయి. చేతిపనికి కాక చేసిన చేతి కులానికి విలువ కట్టిన సమాజం గురించి ఈ మూడవ భేదం చెప్పే విషయం చిన్నది కాదు.

9. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలను ఇలా సంగ్రహించవచ్చు.

1. తెలుగు భాషలోని ప్రసూతి పదజాలం ప్రసవాన్ని వారాల తరబడి సాగే స్పర్శప్రధానమైన పరిచర్యగా చూపుతుంది.

2. సంహితల్లోని పాదాభ్యంగం, మర్మవిజ్ఞానం రిఫ్లెక్సాలజీకి పూర్వరూపాలు కావు. పాదంలో సర్వాంగాల పటం 20వ శతాబ్ది అమెరికాలో పుట్టిన భావన.

3. గోదావరి సీమ మంత్రసాని పనిలో ఉపశమన పరిచర్య, ప్రమాదకరమైన జోక్యం రెండూ ఉన్నాయి. సంస్కరణ ఉద్యమం, వైద్య చట్టాలు ఈ రెండింటినీ వేరుచేయకుండా కలిపి తోసిపుచ్చాయి.

4. ఆసుపత్రి ప్రసవం తల్లీబిడ్డల ప్రాణాలను నిలిపింది. అదే సమయంలో ప్రసవవేదనలో ఉన్న స్త్రీకి తెలిసిన చేతుల ఊతాన్ని దూరం చేసింది.

5. నేటి రిఫ్లెక్సాలజీ ఆదరణను ఆ లోటుకు సూచనగా చదవాలి. దాని సిద్ధాంతానికి ప్రమాణం చాలకపోయినా, అది తీర్చే అవసరం నిజమైనది.

కోరుకొండ వంటి ఊళ్ళలో పురుడు పోసిన తరం స్త్రీలు నేడు వృద్ధులు. వారి మాటలు, పాటలు, చేతి మెళకువలు నమోదు చేయవలసిన బాధ్యత తెలుగు, చరిత్ర, మానవశాస్త్ర శాఖల పరిశోధకులది. ఆ నమోదు పాత పురిటింటిని తిరిగి తెచ్చుకోవడానికి కాదు. రక్తపోటు కొలిచే పరికరం, శుద్ధిచేసిన కత్తెర, శస్త్రచికిత్స గది అందుబాటులో ఉన్న ఆసుపత్రిలోనే, నొప్పులు పడే స్త్రీ నడుము రుద్దడానికి ఒక తెలిసిన చెయ్యికి చోటు కల్పించడానికి. చరకుడు సూతికాగారంలో కోరిన స్నేహశీలురైన స్త్రీలు ప్రసూతి గదిలో ఉండడానికి ఏ యంత్రమూ అడ్డు కాదు.